వెనక డోర్ స్పీకర్లు మీరే మార్చుకోవచ్చు

ప్రశ్న: మాది కావలి. పాత చిన్నకారు, వెనక ఎడమ డోర్ స్పీకర్ గరగరమంటోంది. నెల్లూరులో షాపువాళ్లు నాలుగు స్పీకర్లూ మార్చి ఆంప్లిఫయర్ కూడా పెట్టాలంటున్నారు. వెనకవి రెండూ నేనే మార్చుకోగలనా సర్?

జవాబు: తప్పకుండా. ఆంప్లిఫయర్ అక్కర్లేదు. ముందు ఒక పరీక్ష చేయండి. డోర్ ప్యాడ్లు (డోరు లోపలివైపు పలకలు) విప్పాక వెనక స్పీకర్లు రెండూ అటుదిటు మార్చి తగిలించి వినండి. గరగర కుడివైపుకి వెళ్తే స్పీకర్ పోయినట్టే, ఎడమవైపే ఉండిపోతే తప్పు వైరుదో స్టీరియోదో, అప్పుడు కొత్త స్పీకర్లు కొన్నా దండగే. డోరుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది చూడండి, డోరు తీసి వేసేకొద్దీ అందులో వైర్లు నలిగి తెగుతుంటాయి.

కొనేటప్పుడు పెట్టె మీద 300 వాట్లు అని ఉంటే పడిపోకండి, అది పీక్ లెక్క, అంటే ఒక్క క్షణం మాత్రం తట్టుకునేది. కంపెనీ స్టీరియో ఒక్కో స్పీకర్‌కి నిలకడగా ఇచ్చేది 15-20 వాట్లే కాబట్టి 4 ఓమ్‌లు, సెన్సిటివిటీ (అంతే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 90 డెసిబెల్స్ దాకా ఉన్నవి తీసుకోండి. సైజుతో పాటు లోతూ కొలవండి, అదీ అద్దం పూర్తిగా దించి, లేదంటే అద్దం దిగేటప్పుడు వెనక మ్యాగ్నెట్‌కి తగులుతుంది. వైరు కోయకుండా మీ కారు మోడల్‌కి సరిపోయే కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్) అడగండి.

పాత స్పీకర్ తీసేముందు ఏ రంగు వైరు ఏ టెర్మినల్‌కి వస్తోందో ఫోటో తీసుకోండి. తీశాక గడియారంలో వేసే 1.5 వోల్ట్ బ్యాటరీని దాని టెర్మినళ్లకు ఒక్క క్షణం తాకించండి: కోన్ (స్పీకర్ మధ్యలో కదిలే గిన్నెలాంటి భాగం) బయటికి ఉబికితే బ్యాటరీ ప్లస్ తగిలిన వైపే స్పీకర్ ప్లస్, ఆ వైరే కొత్తదాని ప్లస్‌కీ వెళ్లాలి. ఒకవైపు తిరగబడితే ఒక కోన్ తోస్తుంటే రెండోది లాగుతుంది, బేస్ అంతా చచ్చిపోతుంది, మంచి స్పీకర్లు కొని కూడా బాగాలేవని తిట్టుకునేవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ప్యాడ్ వెనక నల్ల జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీట్ ఉంటుంది, దాన్ని మాత్రం చించొద్దు, దయచేసి. అద్దం పక్క నుంచి వాన నీళ్లు డోరులోకి ఎలాగూ దిగుతాయి, అడుగున రంధ్రాల్లోంచి పోతాయి, ఆ షీటే లేకపోతే లోపలికొచ్చి కార్పెట్ నానుతుంది. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, ఆ తడి వాసన ఒకసారి పట్టిందంటే వదలదు.

ప్యాడ్ బిగించకముందే పాట పెట్టి, అద్దం ఎత్తి దించి చూసుకోండి. విరిగిన క్లిప్పులు స్పేర్ పార్ట్స్ షాపులో దొరుకుతాయి. ఇంకా డబ్బు పెట్టాలనిపిస్తే ముందువైపు డోర్ల స్పీకర్లకి పెట్టండి, డ్రైవరుకి ఎక్కువగా వినపడేవి అవే.