పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఏ కొట్టు కాజా మంచిది?

ప్రశ్న: వచ్చే నెలలో మా అమ్మాయిని సారెతో కాకినాడలోని అత్తవారింటికి పంపుతున్నాము. సారెలో తాపేశ్వరం మడత కాజాయే ఉండాలని మావారి పట్టుదల. తీరా ఆ ఊరు వెళ్లి చూస్తే, వరుసగా ఉన్న కొట్లన్నీ తమదే అసలైన కాజా అని బోర్డులు పెట్టుకున్నాయి. ధరల్లో చెప్పుకోదగిన తేడా లేదు. మా మరిదిగారు ఒక కొట్టును మెచ్చుకుంటే, మా ఆడపడుచు దాన్ని తీసిపారేసి ఇంకో కొట్టు పేరు చెబుతోంది. పైగా గొట్టం కాజా ముందు మడత కాజా ఏపాటిదని వియ్యపురాలుగారు అన్నట్టు తెలిసింది. వీటిని న్యాయంగా పోల్చి చూసుకోవడం ఎలాగో చెప్పగలరా?
– ఒక గృహిణి, రామచంద్రపురం

జవాబు: ముందుగా మీ వియ్యపురాలుగారి మాట తీసుకుందాం. కాకినాడ గొట్టం కాజాకూ తాపేశ్వరం మడత కాజాకూ పేరు, పాకం తప్ప ఉమ్మడి లక్షణాలు తక్కువ. గొట్టం కాజా పైన పల్చని పెంకు, లోపల బోలు. ఆ బోలులో నిలిచిన పాకం కొరకగానే నోట్లోకి రావాలి. మడత కాజాలో పాకం నిలవ ఉండకూడదు, పొరలకు పట్టి ఉండాలి. ఒకదానిలో గొప్పగా ఎంచే గుణమే రెండో దానిలో లోపం కనుక, ఈ రెండింటికీ పోటీ పెట్టడం సబబు కాదు. చిట్టిపెద్ది కోటయ్యగారి పేరుతో కాకినాడ కాజా, పోలిశెట్టి సత్తిరాజుగారి పేరుతో తాపేశ్వరం కాజా ప్రసిద్ధికెక్కాయి. వియ్యంకులిద్దరూ తమ తమ ఊరి పక్షాన నిలబడడంలో తప్పేమీ లేదు.

ఇక తాపేశ్వరం కొట్ల సంగతి. సత్తిరాజుగారితో పేరు తెచ్చుకున్న ఆ పనితనం ఒక్క కొట్టుకే పరిమితమై ఉండిపోలేదు. ఇవాళ ఆ ఊరి రోడ్డు మీద కాజా వండే కొట్లు అనేకం. కాబట్టి బోర్డు మీది ‘అసలైన’ అన్న మాటను పక్కన పెట్టి, కాజానే పరీక్షించాలి. మీ మరిదిగారు పండుగ రోజున వేడిగా తిన్న కాజానూ, మీ ఆడపడుచు ఎవరో తెచ్చిన పెట్టెలోంచి నాలుగో రోజున తిన్న కాజానూ ఎదురెదురుగా పెట్టి వాదించుకుంటున్నారేమో కూడా ఒకసారి అడగండి. పోల్చదలచిన కొట్లన్నింటిలో ఒకే రోజున, ఒకే పరిమాణంలో ఉన్నవి, ఆ రోజు వండినవి విడిగా కొని, పూర్తిగా చల్లారిన తరువాతే రుచి చూడాలి. వేడి మీద ఏ కాజా అయినా బాగానే ఉంటుంది.

కొరికే ముందు కాజాను మడతల వెంట వేళ్లతో విప్పి చూడండి. పిండిని పల్చగా ఒత్తి, నెయ్యీ బియ్యప్పిండీ కలిపి పూసి, చుట్టి, ముక్కలుగా కోసి, మళ్లీ ఒత్తుతారు. ఆ పూత సరిగా పడితేనే వేగేటప్పుడు పొరకూ పొరకూ మధ్య సందు ఏర్పడుతుంది. పూతలో పొదుపు చేసినా, ఒత్తేటప్పుడు చెయ్యి బరువుగా పడినా పొరలు అతుక్కుపోయి లోపల ముద్ద మిగులుతుంది. మంట ఎక్కువ పెట్టి తొందరగా దించిన కాజా పైకి ఎర్రగా కనిపించినా, విప్పితే నడుమ తెల్లగా, పచ్చిపిండి వాసనతో ఉంటుంది. రద్దీ ఎక్కువగా ఉండే పెళ్లిళ్ల రోజుల్లో పేరున్న కొట్లలో కూడా ఈ లోపం కనిపిస్తుంది కనుక, మీరు ముహూర్తాలు లేని రోజున పరీక్షించి ముహూర్తాల రోజున కొంటే ఫలితం మారవచ్చు.

పాకం విషయంలో రెండు గుర్తులు చాలు. లేత పాకంలో వేసినది మర్నాటికి మెత్తబడి, అడుగున తడి చేరుతుంది. మన డెల్టా గాలిలోని తేమకు అది మరీ తొందరగా జరుగుతుంది. ముదురు పాకంలో వేసినదానికి పైన పంచదార తెల్లగా పేరుకుని పళ్లకు కరకరలాడుతుంది. కొందరు ఈ తెల్లపూతను చూసి తీపి దండిగా ఉందని సంతోషిస్తారు కానీ, ఆ పాకం లోపలి పొరల దాకా చేరలేదనడానికి అదే సాక్ష్యం.

ఏ కొవ్వులో వేయించారన్నది రుచిని అన్నింటికంటే ఎక్కువగా మారుస్తుంది. వనస్పతి కరిగే వేడి 31 నుంచి 41 డిగ్రీల వరకు ఉండవచ్చునని మన ఆహార ప్రమాణాలు అనుమతిస్తున్నాయి. అందువల్ల అందులో కొంత భాగం నోటి వేడికి కరగక, చల్లారిన కాజా తిన్నాక అంగిలికి మైనంలా అంటుకుంటుంది. మంచి నెయ్యి అలా అంటుకోదు. నాలుక మీద నమ్మకం లేకపోతే సీలు వేసిన పెట్టె మీది పదార్థాల పట్టీ చదవండి. బరువులో ఎక్కువ ఉన్నది ముందు రావాలన్నది నియమం. విడిగా తూచి అమ్మే మిఠాయిల దగ్గర కూడా ఏ తేదీలోగా తినాలో రాసి పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. ఆ చీటీ లేని కొట్టును, అది ఎంత పేరున్నదైనా సరే, నేను మొదటే జాబితాలోంచి తీసివేస్తాను.

సారె కోసం ప్రత్యేకంగా వండే పెద్ద కాజాల గురించి మీరు అడగలేదు కానీ, కొట్టులో వాటినే ముందుగా చూపిస్తారు కనుక చెబుతున్నాను. కాజా పెద్దదయ్యే కొద్దీ నడుమ దాకా వేగడమూ, అక్కడికి పాకం చేరడమూ కష్టమవుతాయి. ఆ ఊరివారికి పెద్ద పనులంటే సరదా. 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ పుస్తకంలోకి కూడా ఎక్కారు. చూపరుల కోసం పళ్లేనికి ఒక పెద్ద కాజా పెట్టుకోండి. పంచిపెట్టడానికి మాత్రం చేతిలో ఇమిడే చిన్నవే తీసుకోండి.

నా సలహా ఇది: మీరు ఎంచుకున్న రెండు మూడు కొట్లలోనూ పైన చెప్పిన విధంగా ఒక్కొక్క కాజా విప్పి చూసి, నడుమ ముద్ద లేనిదాన్ని తీసుకోండి. రెండు కొట్లు సమానంగా తేలితే, సారె బయలుదేరే రోజు ఉదయం వండి ఇస్తామని ఒప్పుకున్నవారికే బయానా ఇవ్వండి.

ప్రశ్న: హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి కాకినాడ నుంచి గొట్టం కాజా పంపితే, పెట్టె తెరిచేసరికి పాకమంతా అడుగున ఉంటోంది. కొట్టు మార్చమంటారా?
– ఒక పాఠకుడు, యానాం

జవాబు: కొట్టు మార్చినా పెద్ద ప్రయోజనం ఉండదు. గొట్టం కాజా పెంకు పల్చగా ఉండడమే దాని గొప్పతనం. ఒకదాని మీద ఒకటి పేర్చి రాత్రంతా రైలులో కుదిపితే అది పగులుతుంది. ఒకే వరుసగా సర్ది, లోతు తక్కువ పెట్టెల్లో పంపండి. అంత శ్రమ ఎందుకనుకుంటే మడత కాజా పంపి, అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు గొట్టం కాజాను కాకినాడలోనే తినిపించండి.