నేపియర్ మీద వ్యాసం రాసిన అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరాలోనే "మహామేధావి" అని మూడుసార్లు రాశావు. మూడూ కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. 1550లో ఎడిన్‌బరో దగ్గర మర్చిస్టన్‌లో పుట్టాడు, 1617లో పోయాడు, సరే. మధ్యలో మనిషేడి?

ఆయన గణితం మాస్టారు కాదయ్యా, భూస్వామి. పోప్ మీద మండిపడుతూ 1593లో ఓ పుస్తకం కూడా రాశాడు. అలాంటివాడు దాదాపు 20 ఏళ్లు కూర్చుని చేత్తో లెక్కలు కట్టాడు. 1614లో వచ్చిన లాగరిథమ్స్ పుస్తకంలో 90 పేజీలు ఉత్త పట్టికలే. పెద్ద పెద్ద సంఖ్యల్ని గుణించలేక ఖగోళ శాస్త్రజ్ఞులు తల పట్టుకుంటున్న రోజుల్లో, గుణకారాన్ని కూడికలోకి దించేశాడు. కాలేజీలో లాగ్ టేబుల్స్ తిరగేసినవాడివే కదా, అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చుగా!

ఇక నల్లకోడి. పుంజుకి మసి పూసి చీకటి గదిలో పెట్టి, దాన్ని నిమిరి రమ్మని పనివాళ్లని ఒక్కొక్కరినే పంపి, చేతికి మసి అంటనివాడే దొంగ అని పట్టుకున్నాడంటారు. కథ బాగుంది, కాదనను. కానీ దానికి పేజీన్నర ఇచ్చి, "నేపియర్ ఎముకలు" అనే బద్దలకి రెండు లైన్లా? అదీ "అద్భుత సాధనం" అని! అద్భుతం అంటే నాకేం కనబడుతుంది? 46ని 7తో గుణించి చూపించు. 4 ఎక్కం, 6 ఎక్కం చెక్కిన బద్దలు పక్కపక్కన పెట్టు. 4 బద్ద మీద ఏడో వరసలో ఏటవాలు గీతకి అటూ ఇటూ 2, 8, అంటే 28. పక్కన 6 బద్ద మీద 4, 2, అంటే 42. కుడి నుంచి రా. చివర 2. మధ్యలో 8, 4 ఒకే వాలులో ఉంటాయి, కలిపితే 12. 2 వేసి 1 చేతిలో ఉంచుకో. ఎడమన 2కి ఆ 1 కలిస్తే 3. మొత్తం 322. ఎక్కాలు నోటికి రానివాడు కూడా చేసేస్తాడు.

గణితం ప్రొఫెసర్ హెన్రీ బ్రిగ్స్ 1615లో లండన్ నుంచి నేపియర్‌ని చూడ్డానికి వస్తే, పావుగంటసేపు ఇద్దరూ మాటల్లేకుండా ఒకరినొకరు చూసుకున్నారని చెప్పుకుంటారు. అది ఉంచు. కింద నువ్వు తగిలించిన "ఎంతటి మహత్తర క్షణం!" తీసెయ్.

ఆదివారం పాత అట్టపెట్టె కోసి ఆ బద్దలు చేసుకో. 322 వచ్చాకే ఆ పేరా రాయి. కోడికి మాత్రం ఆరు లైన్లు, అంతే.