ముత్తాత ఊరు చూడాలని నేను, వద్దని అమ్మ

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. విజయవాడలో టీచరుగా పనిచేస్తున్నాను. మా నాన్న తెలుగువారు, రైల్వేలో గార్డుగా చేశారు. అమ్మ ఆంగ్లో ఇండియన్. అమ్మ వాళ్ల తాతగారు జాన్ ఇవాన్స్ వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్ అనే రేవు పట్టణం నుంచి ఓడలో మద్రాసు వచ్చి, రైలింజను డ్రైవరై, 1904లో ఇక్కడే పెళ్లి చేసుకున్నారట. కార్డిఫ్‌లో చదువుతున్న మా అమ్మాయి ఆ ఊరి 1901 జనాభా లెక్కల్లో అదే పేరున్న నావికుడిని, ఆయన భార్యను, ఇద్దరు పిల్లలను చూసింది. అక్కడి ఒకావిడ ఇంటర్నెట్‌లో పెట్టిన వంశవృక్షంలో ఆ జాన్ ఇవాన్స్ ‘1903లో సముద్రంలో పోయాడు’ అని ఉంది. ఆగస్టులో వెళ్దామని టికెట్లు కొన్నాం. ఇదంతా విన్నప్పటి నుంచి 81 ఏళ్ల అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. ‘మా నాన్న పుట్టుకనే అనుమానిస్తావా?’ అంటోంది. అమ్మ సికింద్రాబాద్‌లో తమ్ముడి దగ్గర ఉంటుంది. ‘నదీమూలం, ఋషిమూలం అడగకూడదు, ఇది తవ్వి నువ్వేం బావుకుంటావు’ అని వాడి కోపం. వాడి కొడుకు మాత్రం దీంతో వీసా వస్తుందా అని అడుగుతున్నాడు. తాతగారి బైబిలు అమ్మ పెట్టెలో ఉంది. మొదటి పేజీలో ఏవో పేర్లు రాసి ఉన్నాయట కానీ ఎవరికీ చూపించదు. అమ్మ నిద్రపోతున్నప్పుడు ఫొటో తీసి పంపుతానని మరదలు అంటోంది. నేను వెళ్లాలా, మానాలా? ఆ వేల్స్ ఆవిడను కలవవచ్చా?

జవాబు: ముందు మీ మరదలికి ఫోన్ చేసి ఆ ఫొటో తీయవద్దని చెప్పండి. మిగతావన్నీ తర్వాత. ఎనభై దాటిన మనిషికి తనదంటూ మిగిలేది ఒక పెట్టె, దాని తాళంచెవి. అందులో చేయి పెట్టారని తెలిసిన రోజున ఆమె మీకు బైబిలే కాదు, తన బాల్యాన్ని కూడా చెప్పడం మానేస్తారు. నిజానికి మీకు కావలసిన సమాచారంలో సగం అక్కడే ఉంది.

మీరు ముగ్గురూ ఇంకా రుజువు కాని సంగతి మీద పోట్లాడుకుంటున్నారు. వేల్స్‌లో పూర్వం తండ్రి పేరే కొడుక్కి చివరి పేరుగా ఉండేది. కాలక్రమంలో అవే ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. అందుకే అక్కడ ఇవాన్స్‌లు, జోన్స్‌లు, డేవిస్‌లు మన దగ్గర శ్రీనివాసరావుల్లా వీధికి నలుగురు. 1901లో అబెరిస్ట్‌విత్ చుట్టుపక్కల జాన్ ఇవాన్స్ అనే నావికుడు ఒక్కడే ఉండి ఉంటాడని నేనైతే నమ్మను. ఒకే పేరు ఇంతమందికి ఉండటంతో అక్కడివాళ్లు మనిషిని అతని పొలానికో, ఉండే ఇంటికో పెట్టిన పేరుతో గుర్తుపట్టేవారు. సమాధి రాళ్ల మీద కూడా ఆ పేరు చెక్కించేవారు. ఆ బైబిలు మొదటి పేజీలో ఎవరికీ అర్థం కాని మాట ఏదైనా ఉంటే అది బహుశా అలా ఇంటికో, పొలానికో పెట్టిన పేరే కావచ్చు. జనాభా లెక్కల్లో ఆ నావికుడి ఇంటికి అదే పేరు కనబడితే ఆయనే మీ ముత్తాత అని చాలావరకు నమ్మవచ్చు.

ఆగస్టు కంటే ముందు మీరు చూడాల్సిన కాగితం వేల్స్‌లో లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన పెళ్లిళ్ల నకళ్లు లండన్‌కు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైట్‌లో రుసుము కట్టి చూడవచ్చు. ఆ నమోదులో వరుడి వయసు, వృత్తి, తండ్రి పేరు ఉంటాయి. వాటి పక్కనే ఒక చిన్న గడిలో అవివాహితుడా, భార్య పోయినవాడా అన్నది రాస్తారు. మీ ఇంట్లో ఇంత దుఃఖానికి కారణమైన ప్రశ్నకు జవాబు ఆ గడిలోనే ఉంది. తండ్రి పేరు కలవకపోతే ఆయన వేరే మనిషి, అక్కడితో కథ ముగిసింది. భార్య పోయినవాడని ఉంటే ఆ 1901 నాటి ఇల్లాలి మరణ నమోదు కోసం వెతకండి. ఇంగ్లండు, వేల్స్‌లలో జనన మరణాల నమోదు 1837 నుంచే ఉంది. అవివాహితుడని ఉండి, ఆవిడ 1911 జనాభా లెక్కల్లో బతికే ఉంటే ఆయన అబద్ధమాడి పెళ్లి చేసుకున్నారన్నమాట. ఆ తప్పు ఆయనది. మీ అమ్మగారి నాయనమ్మ మోసపోయిన మనిషి అవుతుంది తప్ప దోషి కాదు. ఆమె కడుపున పుట్టినవారు అసలే కాదు.

మీ అమ్మగారి బాధ మీకు పూర్తిగా అర్థమైనట్టు లేదు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో ఆ తరం వారు ‘అసలు పెళ్లి జరిగిందా’ అన్న ఎత్తిపొడుపు ఇంగ్లీషువారి నుంచీ, మనవారి నుంచీ విని పెరిగారు. మన రాజ్యాంగంలోని 366వ అధికరణ కూడా ఆంగ్లో ఇండియన్ అంటే ఎవరో తండ్రి వైపు వంశాన్ని బట్టే చెప్పింది. ఇవాన్స్ అన్న పేరు మీకు ఆసక్తికరమైన పరిశోధన. ఆమెకు అది పెళ్లయ్యేదాకా రోజూ రాసుకున్న సంతకం. కాబట్టి సికింద్రాబాద్ వెళ్లి ఒక వారం ఉండండి. రుజువులు, తేదీలు అడగవద్దు. వాళ్ల నాన్నగారు ఎలా ఉండేవారు, రైల్వే క్వార్టర్స్‌లో క్రిస్మస్ ఎలా చేసేవారు, తాతగారిని ఏమని పిలిచేవారు, ఇలాంటివి అడగండి. వెళ్తున్నానన్నది దాచవద్దు. ‘అక్కడ ఏం తెలిసినా నువ్వు అడిగితేనే చెబుతాను’ అని మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి. బైబిలు ఆవిడే తీసి చూపిస్తే సంతోషం. చూపించకపోతే అది లేకుండానే వెళ్లండి.

తమ్ముడి కోపాన్ని మరీ తప్పుపట్టలేను. మీరు విజయవాడలో ఉండి వెతుకుతున్నారు, తినని అమ్మకు పూటపూటా అన్నం బతిమాలి పెట్టేది అతను. ఆ మాట అతనితో అనండి. మీ మేనల్లుడికి మాత్రం ఆశ పెట్టవద్దు. బ్రిటన్ పూర్వికుల వీసాకు తాతో, అవ్వో అక్కడ పుట్టి ఉండాలి. జాన్ ఇవాన్స్ మీ అమ్మగారికే తాత.

ఇక ఆ వేల్స్ ఆవిడ. ఇద్దరు జాన్ ఇవాన్స్‌లూ ఒకరే అని తేలితే, ఆ ఇంట్లో ఒక ఇల్లాలు మొగుడు సముద్రంలో పోయాడని ఏడ్చి, విధవగా పిల్లలను పెంచింది. మీరు తీసుకెళ్లేది ఆయన మునగలేదు, వదిలేసి వెళ్లాడన్న వార్త. ఆ కబురు పట్టుకుని చెప్పాపెట్టకుండా తలుపు తట్టవద్దు. ముందు ఉత్తరం రాయండి: ‘మీరు రాసిన వంశవృక్షం చూశాను. మా కుటుంబంలోనూ అదే ఊరి జాన్ ఇవాన్స్ ఒకరున్నారు. ఇద్దరూ ఒకరేనా అని తెలుసుకోవాలని ఉంది. మీకు ఇష్టం లేకపోతే జవాబు ఇవ్వనక్కర్లేదు.’ అంతే. 1904 పెళ్లి ప్రస్తావన అందులో వద్దు. రమ్మంటే సముద్రం ఒడ్డున ఏ టీ దుకాణంలోనో కలవండి, ఇంటికి వద్దు. ఎప్పుడు లేవాలనిపిస్తే అప్పుడు లేచి వెళ్లే వీలు ఇద్దరికీ ఉండాలి. జవాబు రాకపోతే రెండో ఉత్తరం రాయవద్దు.

ఆవిడను కలవకపోయినా ఆ ఊళ్లో మీకు పని ఉంది. ఊరి పైన కొండ మీద వేల్స్ జాతీయ గ్రంథాలయం ఉంది. అబెరిస్ట్‌విత్ రేవులో నమోదైన ఓడల సిబ్బంది జాబితాలు, 19వ శతాబ్దం మధ్య నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా, అక్కడ భద్రపరిచారు. నావికుడి వయసు, పుట్టిన ఊరు, అంతకుముందు పనిచేసిన ఓడతో పాటు ఎక్కడ, ఎందుకు దిగిపోయాడో కూడా రాసేవారు. జీతం తీసుకుని దిగాడా, చనిపోయాడా, పారిపోయాడా అన్నది ఒక్క మాటలో ఉంటుంది. చాలావరకు ఇంటర్నెట్‌లోనూ పెట్టారు కాబట్టి మీ అమ్మాయిని ఇప్పుడే వెతకమనండి. గ్రంథాలయంలో పాఠకుల కార్డు ఉచితం, గుర్తింపు కార్డు, చిరునామా రుజువు తీసుకెళ్లండి. ఆదివారం తెరవరు, కనుక వారం మధ్యలో వెళ్లేలా చూసుకోండి. కార్డిఫ్ నుంచి నేరుగా రైలు లేదు. కార్‌మార్థెన్ మీదుగా ఉన్న లైనును 1965లో మూసేశారు. ఇప్పుడు ష్రూస్‌బరీ దాకా వెళ్లి చుట్టి రావాలి. సాయంత్రం సముద్రపు ఒడ్డున చివరిదాకా నడిచి, అక్కడున్న ఇనుప కడ్డీని కాలితో తన్ని వెనక్కి తిరగడం ఆ ఊరివాళ్ల అలవాటు. మీరూ తన్నండి, దానికి వంశవృక్షం అడగరు.

పెళ్లి నమోదు చేతికి వచ్చాక ఆ గడిలో ఏముందో నాకు రాయండి. మీ అమ్మగారు అడిగితే ఏం చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో అప్పుడు ఆలోచిద్దాం.