నీ డాక్టర్ల లిస్టులో ఇంకో రెండు పేర్లు

ఒరేయ్ అల్లుడూ,

మందుల కంపెనీలో ఏరియా మేనేజర్‌వి అయ్యావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం. ఆ వెంటనే గొంతు తగ్గించి, "వాడు ఫోన్ చేస్తే పిల్ల మాట్లాడట్లేదు అన్నయ్యా, పక్క గదిలోకి పారిపోతోంది" అంది. అసలు ఫోన్ చేసింది ఆ మాట కోసమేనని నాకు అర్థమైంది. నెలలో పదిహేను రోజులు నంద్యాల, ఆదోని, అనంతపురం, కడప అని తిరిగేవాడికి ఇది ఎప్పుడో ఒకప్పుడు వచ్చే తిప్పలే. విశాఖపట్నం హెడ్‌క్వార్టర్స్‌గా టెక్కలి, పలాస, పార్వతీపురం అంటూ నేనూ ఇరవై ఎనిమిదేళ్లు మెడికల్ రెప్‌గా డాక్టర్ల చుట్టూ తిరుగుతూ ఆ బ్యాగు మోశాను కదా, అందుకని నాలుగు ముక్కలు రాస్తున్నాను. వింటే విను, లేకపోతే ముసలాడి చాదస్తం అనుకో.

ముందు ఒకటి చెప్పు, ఎన్నింటికి చేస్తున్నావు ఫోన్? సాయంత్రం డాక్టర్లను కలిసే ఈవినింగ్ కాల్స్ అయ్యాక, రాత్రి తొమ్మిదిన్నరకు, లాడ్జి మెట్లెక్కుతూ చేస్తున్నావని నాకు తెలుసు, ఎందుకంటే మనందరం అప్పుడే చేస్తాం. ఆ టైముకి నీకు ఒళ్లు హూనం, పిల్లకి కళ్లు మూతలు, మీ ఆవిడకి గిన్నెలు. ఆ ఫోన్లో ఎవరు ఎవరితో మాట్లాడతారు? మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా డాక్టర్లెవరూ దొరకరు, మనం మందులు హోల్‌సేల్‌గా అమ్మే స్టాకిస్ట్ దగ్గర కూర్చుంటాం, లేదా లాడ్జిలో ఫ్యాన్ కింద పడుకుంటాం. పిల్ల స్కూలు ఆటో దిగేది ఆ మధ్యలోనే. ఆ పది నిమిషాలు పట్టుకో. బూట్లు విప్పుతూ, బాక్సులో మిగిల్చిన అన్నం గురించి సాకులు చెబుతూ, నోరు ఆగకుండా ఉండే టైము అది. రాత్రి ఫోన్ మీ ఆవిడకి ఉంచు, తనతోనూ మాట్లాడాలి కదా.

ఇక ఏం మాట్లాడాలో చెబుతాను. "తిన్నావా, చదువుకున్నావా, అల్లరి చేయట్లేదు కదా" అని రోజూ మూడు ప్రశ్నలు అడిగితే అది ఫోన్ కాదు, హాజరు పట్టీ. దానికి ఆరేళ్ల పిల్ల "ఊఁ" అని మూడుసార్లు చెప్పి ఫోన్ తల్లికిచ్చేస్తుంది, తప్పు దానిది కాదు. నాకు ఇది ఎలా తెలిసొచ్చిందంటే, అప్పట్లో నా జేబులో ఒక చిన్న డైరీ ఉండేది. ఏ డాక్టర్ గారు ఎన్నింటికి కలుస్తారు, కాంపౌండర్ పేరేంటి, వాళ్లబ్బాయి ఏ కాలేజీ, పెళ్లిరోజు ఎప్పుడు, అన్నీ రాసుకునేవాణ్ని. నూట యాభై మందికి పైగా పేర్లు. ఒకరోజు మా అమ్మాయి, అదే మీ వదిన, చదివే స్కూల్లో నేను ఏదో ఫారం నింపుతుంటే, క్లాస్ టీచర్ పేరు అన్నచోట పెన్ను ఆగిపోయింది. పక్కనే నిలబడి అది నా మొహంలోకి చూస్తోంది. మెల్లగా తనే చెప్పింది. పార్వతీపురంలో కాంపౌండర్ కూతురు పదో తరగతిలో ఎన్ని మార్కులు తెచ్చుకుందో చెప్పగలిగినవాణ్ని నేను.

ఆ రాత్రే డైరీలో దాని పేరు మీద ఒక పేజీ పెట్టాను. టీచర్ పేరు, పక్కన కూర్చునే పిల్ల పేరు, ఎవరితో పచ్చి కొట్టి మాటలు మానేసింది, ఎవరి రబ్బరు పోయింది. నవ్వుతావేమో కానీ, ఉద్యోగం మనకి నేర్పిన విద్యే ఇది. కిందటిసారి డాక్టర్ ఏమన్నాడో గుర్తుపెట్టుకుని ఈసారి అక్కడి నుంచి మొదలుపెడతాం కదా, పిల్ల దగ్గరా అంతే. "రబ్బరు దొరికిందా?" అని అడుగు. అరగంట చెబుతుంది. నీ లిస్టులో పిల్లలిద్దరి పేర్లూ ఇవాళే చేర్చు.

నీ సంగతులు కూడా చెప్పాలి, అది చాలామంది మర్చిపోతారు. నా రోజుల్లో మాకు ఇంట్లో ఫోన్ లేదు, పక్కింటివాళ్లది పీపీ నంబర్. ఎస్టీడీ, అంటే వేరే ఊరికి చేసే ఫోన్, రేటు తగ్గేది రాత్రి పొద్దుపోయాక, అప్పుడు చేసి పక్కింటివాళ్లని లేపలేం. అందుకని టూర్ వెళ్లిన రెండో రోజు ఇంటికి ఒక పోస్టుకార్డు రాసేవాణ్ని, అప్పట్లో పదిహేను పైసలు. సలహాలు కాదు. టెక్కలిలో డాక్టర్ గారి వరండాలోకి మేక దూరి ఒకాయన ఎక్స్‌రే కవరు నమిలిందని, పలాసలో రైలు దిగగానే జీడిగింజలు కాల్చే వాసన వచ్చిందని, అలాంటివి. గురువారం రాసిన కార్డు సోమవారం వచ్చేది, శనివారానికే నేను ఇంట్లో ఉండేవాణ్ని. మా అమ్మాయి పోస్ట్‌మేన్ చేతిలోంచి లాక్కుని వచ్చి, నేను రాసిన కార్డు నాకే కూడబలుక్కుని చదివి వినిపించేది. ఇప్పుడు నీకు వీడియో కాల్ ఉంది, మేక కనిపిస్తే మేకనే చూపించు.

చిన్నాడికి రెండేళ్లేగా, వాడితో వీడియోలో "నాన్న అను, నాన్న అను" అని పీడించకు. వాడు అన్నం తినేటప్పుడు ఫోన్ గ్లాసుకి ఆనించి పెట్టమను, నువ్వు నీ టిఫిన్ తిను, చాలు. ఊరి నుంచి వచ్చినప్పుడు వాడు తల్లి చంకలోంచి దిగకపోతే మొహం మాడ్చుకోకు, లాక్కోకు కూడా. కింద చాప మీద కూర్చో. కాసేపటికి వాడే వచ్చి నీ బ్యాగు జిప్పు లాగుతాడు.

ఒక్క విషయంలో మాత్రం కటువుగా చెబుతాను. "నాన్న రానీ, చెప్తాను నీ పని" అనే మాట మీ ఇంట్లో వినపడకూడదు. మీ అత్త పాపం ఒంటరిగా సతమతమై అనేసేది, నేను శనివారం గుమ్మంలో చెప్పులు విప్పకముందే వారం రోజుల కేసులు విచారణకొచ్చేవి. నేనూ జడ్జిలా కూర్చునేవాణ్ని, తెలివితక్కువ. నా రిక్షా చప్పుడు వినగానే పిల్ల పుస్తకం తీసి కూర్చోవడం మొదలుపెట్టింది. భక్తి అనుకున్నాను, భయమని చాన్నాళ్లకు తెలిసింది. మీ ఆవిడతో దీని గురించి విడిగా, నెమ్మదిగా మాట్లాడు, తన మీద తప్పు నెట్టకు. ఏ రోజు తగువు ఆ రోజే తేలిపోవాలి.

మాట ఇచ్చేటప్పుడు క్యాలెండర్ చూసుకో. నెలాఖరు సేల్స్ లెక్కలు తేల్చే క్లోజింగ్ రోజుల్లో ఇంట్లో దేనికీ "తప్పకుండా వస్తాను" అనకు, "రాలేకపోవచ్చు" అని ముందే చెప్పు, ఏడిస్తే ఏడవనీ. నేను చెప్పలేదు. మీ వదిన రెండో క్లాసులో స్కూల్ డేకి చిలక వేషం వేసింది. మొహమంతా ఆకుపచ్చ రంగు, ముక్కుకి ఎర్ర అట్టముక్క. వస్తానన్నాను. ఆ రోజు పైనుంచి మేనేజర్ నాతో కలిసి డాక్టర్ల దగ్గరికి తిరగాలని, జాయింట్ వర్క్ అని దిగాడు, ఇల్లు చేరేసరికి పదకొండున్నర. నాన్న చూసేదాకా కడుక్కోనని రంగుతోనే పడుకుంది. ఆ దిండు గలీబు మీద ఆకుపచ్చ మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు, మీ అత్త దాన్ని పారేయనూ లేదు.

ప్రతిసారీ ఏదో ఒకటి కొనుక్కెళ్లే అలవాటు చేయకు. నేను పలాస నుంచి జీడిపప్పు తెచ్చి తెచ్చి, చివరికి పిల్ల నాకంటే ముందు సంచీని పలకరించేది.

వేసవి సెలవుల్లో ఒక్కరోజైనా పెద్దదాన్ని వెంట తీసుకెళ్లు. కంపెనీకి తెలిస్తే ఏమంటుందో నీకే తెలుసు, నువ్వొక్కడివే తిరిగే రోజు చూసుకో. నేను ఒకసారి మీ వదినని శ్రీకాకుళం తీసుకెళ్లాను. క్లినిక్ బయట పేషెంట్ల మధ్య రెండు గంటలు నిలబడ్డాను, లోపల రెండు నిమిషాలు. అది బెంచీ చివర కూర్చుని అంతా చూసింది, ఏమీ అనలేదు. ఆ తర్వాతి శనివారం నేను గుమ్మంలో అడుగుపెట్టగానే పుస్తకం తీయలేదు. మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, "ఇవాళ ఎంతసేపు నిలబెట్టారు నాన్నా?" అంది.

ఈ ఆదివారం మనవరాలికి ఒకసారి ఫోన్ ఇవ్వు. మేక కథ నేను చెబుతాను.

మీ మామయ్య