అల్లుడూ, ముందు కెపాసిటర్ సంగతి చూడు

చిరంజీవి అల్లుడికి, శ్రీకాకుళం నుంచి మావయ్య ఆశీస్సులు.

"విజయనగరం రూములో కూర్చుని వీడు తుపాకీ చేస్తన్నాడన్నయ్యా" అని మీ అమ్మ ఫోన్లో ఒకటే గాభరా. అణుకేంద్రకాల్ని కలిపి శక్తి తీసే ఫ్యూజన్ రియాక్టర్‌లోకి, తీగచుట్టల అయస్కాంతంతో ఇంధనపు గుళికలు విసిరే కాయిల్‌గన్‌కి చిన్న నమూనా అని చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. నీ కాగితాలు చూశాను. సర్క్యూట్ బాగుంది గానీ, నీ యావంతా వేగం మీదే ఉంది.

2022 డిసెంబర్ 5న అమెరికాలోని లివర్‌మోర్‌లో 2.05 మెగాజౌళ్ల లేజర్ పెడితే 3.15 తిరిగొచ్చాయి కదా, అప్పుడు గుళికని కదలకుండా నిలబెట్టి కొట్టారు. కరెంటు తియ్యాలంటే సెకనుకి పదేసి కొట్టాలి, అంటే రోజుకి 8,64,000. మిరియం గింజంత గుళిక, లోపల మైనస్ 255 డిగ్రీల దగ్గర డ్యుటీరియం, ట్రిటియం అనే హైడ్రోజన్ రకాల మంచు. సిరిమాను మీద పూజారికి మనం అరటిపళ్లు విసురుతాం చూడు, పదింట్లో ఒకటి తగిలినా మొక్కు తీరినట్టే. లేజర్‌కి ఆ వెసులుబాటు లేదు. వెంట్రుక మందమంత తప్పినా గుళిక అన్నివైపులా సమంగా నలగదు.

గుళిక 1000 జీ, అంటే భూమి ఆకర్షణకి వెయ్యి రెట్ల తోపు, తట్టుకుంటుందనుకో. సెకనుకి 100 మీటర్ల వేగానికి అరమీటరు గొట్టం చాలు, 200కి రెండు మీటర్లు కావాలి. నువ్వేమో ఒక్క కాయిల్‌తోనే మొత్తం తోసేస్తన్నావు, ఆ దెబ్బకి మంచు చిట్లిపోదూ? కాయిళ్లు పెంచి కొద్దికొద్దిగా తొయ్యి. గుళికని మోసుకెళ్లే తొడుగు ఇనుముదైతే, అది కాయిల్ మధ్యకి వచ్చేసరికి కరెంటు తెగిపోవాల, లేకుంటే అదే కాయిల్ వెనక్కి లాగేస్తాది.

తొడుగు అన్నాను కదా, నీ కాగితాల్లో దానికి ఒక్క వాక్యమే ఉంది. అసలు కష్టమంతా అక్కడే. అల్యూమినియందైతే లోపల పుట్టే సుడి కరెంట్లకి వేడెక్కుతుంది, ఆ వేడి మంచుకి చేరకూడదు. మూతి దాటాక గుళికని పిసరంత కూడా పక్కకి నెట్టకుండా విడిపోవాలి. రెండు మీటర్ల దూరంలో తెల్లకాగితం మీద కార్బన్ పేపరు అంటించి ఇరవైసార్లు కొట్టు. మచ్చలన్నీ రూపాయి బిళ్లంత చోట పడేదాకా వోల్టేజీ పెంచకు.

ఇంకోటి. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో, స్విచ్ తీసేశాను కదా అని 450 వోల్టుల కెపాసిటర్‌కి స్క్రూడ్రైవర్ తగిలించాను. కొన కరిగి అతుక్కుపోయింది, సాయంత్రం దాకా ఎడమ చెవికి ఏటీ వినబడలేదు. స్విచ్ తీశాక కెపాసిటర్‌లో మిగిలిన కరెంటుని ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ పెట్టు, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టు. కళ్లజోడు లేకుండా మీట నొక్కావని తెలిస్తే మీ అమ్మకి నేనే చెప్తాను.

దసరా వెళ్లిన మంగళవారం సిరిమానుకి వస్తాను. ఆ కార్బన్ మచ్చల కాగితాలు ఒక్కటీ పారెయ్యకు, తప్పినవి కూడా.

మీ మావయ్య