300 మంది ఉన్న ఆన్‌లైన్ క్లాసు, ఎవరూ నోరు విప్పరు: ఏం చేయాలి?

మీ పరిస్థితి ఇదీ: ఇంజనీరింగ్ ఫస్టియర్, సెక్షన్లన్నీ కలిపి 300 మంది, ఆన్‌లైన్‌లో సీ ప్రోగ్రామింగ్. కెమెరాలన్నీ ఆఫ్, ఏం అడిగినా చాట్‌లో ‘ఎస్ సర్’ తప్ప మరో మాట రాదు. నేనూ ఇలాంటి క్లాసులే చెబుతున్నాను కాబట్టి, నా దగ్గర పనిచేసినవి రాస్తున్నా.

‘అర్థమైందా?’ అని అడగడం మానేయండి. దానికి వచ్చే జవాబు ఎప్పుడూ ఒక్కటే. కెమెరా ఆన్ చేయమని పట్టుబట్టకండి కూడా. హాస్టల్ గదిలో నలుగురి మధ్య కూర్చుని, రోజువారీ డేటా అయిపోతుందేమోనని చూసుకునే పిల్లలకు అది శిక్షే.

దానికి బదులు, సగం మంది తప్పు చెప్పే ప్రశ్న ఒకటి పట్టుకోండి. నేను అడిగేది: సీలో 5ని 2తో భాగించి, వచ్చినదాన్ని 2.0తో గుణిస్తే ఎంత? పోల్‌లో 5, 4 రెండూ పెడతాను. చాలామంది 5 నొక్కేస్తారు. అప్పుడు జవాబు చెప్పను, ఎవరెంతమందో కూడా చూపించను. ‘మీ పక్క రోల్ నంబర్‌కి వాట్సాప్ చేసి రెండు నిమిషాలు వాదించుకోండి’ అంటాను. మళ్లీ పోల్. ఈసారి జనం 4 వైపు జరుగుతారు. 5, 2 రెండూ పూర్ణాంకాలు కాబట్టి భాగహారం దగ్గరే అర ఎగిరిపోయి 2 మిగులుతుందని వాళ్లలో వాళ్లే పట్టేస్తారు.

ఇది నా సొంత తెలివేం కాదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పీర్ ఇన్‌స్ట్రక్షన్ (పిల్లలే ఒకరికొకరు చెప్పుకుని నేర్చుకునే) పద్ధతి. మొదటి ఓటులో సుమారు 30 నుంచి 70 శాతం మందికి సరైన జవాబు వస్తేనే చర్చ పండుతుంది. అంతకు తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే ముందుకెళ్లిపోవాలి.

క్లాసును చిన్న చిన్న ఆన్‌లైన్ గ్రూపులుగా విడగొట్టే బ్రేకౌట్ రూముల్లో పడేస్తే మాత్రం ఐదుగురికి ఐదుగురూ మౌనవ్రతమే. ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఎవరు మాట్లాడతారు? రోల్ నంబర్ పక్కవాళ్లయితే ల్యాబ్‌లోనూ పక్కనే ఉంటారు.

చాట్‌లో తెలుగులో రాయొచ్చని, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా పర్లేదని మొదటిరోజే చెప్పేయండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు డౌట్ ఉన్నా ఇంగ్లిష్‌లో వాక్యం కట్టలేక ఆగిపోతారు. ‘సర్, ఆ 0.5 ఎటు పోయింది?’ అన్న ప్రశ్న నాకు వచ్చింది అలాగే. ఆ రోజు పాఠమంతా దాని మీదే నడిచింది.

ఇక మార్కులు. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకు 25, సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సులో బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్లే లెక్కేస్తారు. ఈ వెసులుబాటు మీరూ ఇవ్వండి, ఒక వారం జ్వరమొచ్చినా ఎవరూ కోర్సు వదిలేయరు. పోల్‌కి మాత్రం పాల్గొన్నందుకే మార్కు వేయండి. సరైన జవాబుకు వేస్తే గ్రూపులో జవాబు మీకంటే ముందే తిరిగేస్తుంది. మీ దగ్గర పోల్ సౌకర్యం లేకపోతే గూగుల్ ఫామ్ చాలు, రెండో ఓటుకు కొత్త లింకు ఇవ్వండి.