తడిసిన ఏలూరు తివాచీ

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

రాత్రి నువ్వు పంపిన ఫొటోలు చూశాను. తిరుపతి నుంచి వచ్చి తలుపు తీసేసరికి వాషింగ్ మెషీన్ గొట్టం ఊడి హాలంతా చెరువైపోతే ఎవరికైనా ఏడుపు వస్తుంది. అందులోనూ తడిసింది మా వదిన నీ పెళ్ళికి ఇచ్చిన ఏలూరు తివాచీ. ఇంతకీ మెయిన్ స్విచ్ ఆపాకే నీళ్ళలో కాలు పెట్టావా? ఫొటోలో ప్లగ్గుల బోర్డు నేలమీదే కనిపిస్తోంది. దాని గురించి కలిసినప్పుడు తిడతాను.

తివాచీ తడిసిందని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది, ఏ నీళ్ళతో అని. నీది కుళాయి నీరు, కాబట్టి ఆశ ఉంది. 2015 డిసెంబరులో చెన్నైలో అడయారు నది పొంగినప్పుడు మా సైదాపేట ఇంట్లోకి వచ్చింది మురుగు కలిసిన వరద. మీ మామయ్యకు తివాచీ పారేయడానికి మనసొప్పలేదు. నాలుగుసార్లు కడిగించి, పది రోజులు ఆరబెట్టి, మళ్ళీ పరిపించారు. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి ఇల్లంతా ముక్కిపోయిన వాసన. అంచు ఎత్తి చూస్తే అడుగున నల్లని బూజు చుక్కలు. అప్పటికే ఆయనకు నెల రోజులుగా దగ్గు. చివరకు కార్పొరేషన్ చెత్తబండి ఎక్కించాం. మురుగు తగిలిన దాన్ని ఫొటో తీసుకుని, బీమా ఉంటే వాళ్ళకు చెప్పి, ఆ వారంలోనే వదిలించుకోవాల్సింది.

నీ తివాచీకి ఉన్న వ్యవధి తక్కువ. ఒకటి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. ముందు దానిమీద ఉన్న బల్లలూ కుర్చీలూ తీసెయ్యి. ఇనుప కాళ్ళ తుప్పు, టేకు రంగు ఉన్నికి అంటుకుంటే వదలవు. తరువాత పాత తువ్వాళ్ళు పరిచి, వాటిమీద నిలబడి అదుము. రుద్దకు. తువ్వాలు పిండి మళ్ళీ పరుచు. నాలుగైదు విడతలకు నీళ్ళు రావడం తగ్గుతుంది. ఎరుపు రంగు దిగుతుంటే పైనా కిందా తెల్లని నూలు గుడ్డలు పెట్టి, అరగంటకోసారి మార్చు. త్వరగా ఆరుతుందని వేడినీళ్ళు, ఇస్త్రీపెట్టె దగ్గరికి తేకు, ఉన్ని ముడుచుకుపోతుంది. మీ వాచ్‌మన్ బ్లీచింగ్ పౌడరు చల్లమన్నాడని రాశావు. అతను మంచివాడే, కానీ ఆ మాట వినకు. క్లోరిన్ ఉన్నిని తినేస్తుంది.

ఎత్తేటప్పుడు ఇద్దరు పట్టుకోండి. తడిసిన ఉన్ని నువ్వు అనుకున్నదానికి మూడింతలు బరువు ఉన్నట్టు అనిపిస్తుంది. బట్టల తీగమీద మాత్రం వేలాడదీయవద్దు. ఆ బరువుకు అదే సాగి వంకర పోతుంది. మంచాలమీద బోర్లా పరిచి, కింద ఒక టేబుల్ ఫ్యాను, పైన సీలింగ్ ఫ్యాను పెట్టాలి. కార్తీకంలో చెన్నై గాలే తడిగుడ్డలా ఉంటుంది, కిటికీలు తెరిచి లాభం లేదు. తలుపులు వేసి ఏసీని డ్రై మోడ్‌లో నడుపు. మిద్దెమీద ఎండను నమ్ముకుంటే ఈ కాలంలో అరగంటలో వాన పడుతుంది, పడకపోయినా రంగు వెలుస్తుంది.

మూడో రోజున పైన చెయ్యి పెట్టి, ఆరిపోయిందని మురిసిపోకు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ పట్టుకుని కూడా చేతికి తడిగా తగలదు. కుళ్ళేది అడుగున ఉన్న నూలు పడుగు, అంటే నిలువు దారాలు. తిరగేసి, ముడుల మధ్య ముక్కు పెట్టి వాసన చూడు. కింద వేసే స్పాంజి పొర ఉంటే దాన్ని పారెయ్యి, కొత్తది కొన్ని వందలే.

తివాచీ ఆరినా నేల ఆరకపోవచ్చు. టైల్స్ అతుకుల్లో నీళ్ళు దాక్కుంటాయి. ఒక పాలిథీన్ ముక్కను నేలమీద నాలుగు వైపులా టేపుతో అంటించి, ఒక రోజు ఉంచు. లోపల చెమట పట్టినట్టు చుక్కలు కనిపిస్తే ఇంకో నాలుగు రోజులు ఆగు.

మీ ఫ్లాట్‌లో మడత మంచాలు లేవు కదా. మావి రెండూ మధ్యాహ్నం ఆటోలో పంపుతున్నాను. కిరాయి ఇచ్చేశాను, మళ్ళీ ఇవ్వకు.